మద్రాసు అసెంబ్లీలో 215 సీట్లు, అందులో మనకి ఒక్కటి



గ్రూప్స్‌కి, టీచర్ పోస్టులకి చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మన గ్రూపులో చాలామంది ఉన్నారు. 1935 భారత ప్రభుత్వ చట్టం అనగానే మీకు బిట్లు గుర్తొస్తాయి. రాష్ట్రాలకు స్వయంపాలన, ఫెడరల్ కోర్టు, బర్మా విడిపోవడం, 1937 ఎన్నికలు, మద్రాసులో రాజాజీ మంత్రివర్గం. నేనూ అట్లాగే బట్టీ పట్టినవాణ్ణే. కానీ ఆ చట్టంలో, ఆ ఎన్నికల్లో మన తాతలు ఎక్కడున్నారో అడిగే బిట్టు నాకు ఒక్కటి కూడా కనపడలేదు.

ఇంకో మాట. 1/70 అంటే మన ఊళ్ళలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. దాన్ని చట్టం అనకుండా రెగ్యులేషన్ అని ఎందుకంటారు? అసెంబ్లీ చేసింది కాదు కాబట్టి. మరి అసెంబ్లీ ఎందుకు చెయ్యలేదు? ఆ అధికారం గవర్నర్ చేతికి ఎట్లా పోయింది? ఈ ప్రశ్నలకి జవాబు పాత మద్రాసు శాసనసభ కథలో ఉంది. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపికగా చదవండి.

ఏజెన్సీ అనే మాట ఎక్కడిది

పాడేరు, అరకు, చింతపల్లి, పార్వతీపురం కొండలు, రంపచోడవరం, భద్రాచలం. ఇవన్నీ ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే. భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో. అంతకుముందు అది తూర్పు గోదావరి ఏజెన్సీలో భాగం, అంటే మద్రాసు ప్రభుత్వం కిందే ఉండేది.

మనం రోజూ 'ఏజెన్సీ' అంటాం కదా, ఆ మాట 1839 నుంచి వచ్చింది. ఆ ఏడాది చేసిన 24వ చట్టంతో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాల్ని మామూలు కోర్టుల నుంచి, మామూలు చట్టాల నుంచి విడదీశారు. అక్కడ జిల్లా కలెక్టరే గవర్నర్‌కి ఏజెంటు. తగువు తీర్చేదీ ఆయనే, పన్ను వసూలు చేయించేదీ ఆయనే, శిక్ష వేసేదీ ఆయనే. ఏజెంటు ఏలే ప్రాంతం కాబట్టి ఏజెన్సీ. గోదావరి వైపు కొండలు తరవాత ఇదే పద్ధతిలోకి వచ్చాయి. 1874లో షెడ్యూల్డ్ జిల్లాల చట్టం వచ్చి ఈ ఏర్పాటునే దేశమంతటా ఒక పద్ధతిగా పెట్టింది. ఏ చట్టం ఎక్కడ వర్తించాలో ప్రభుత్వమే గెజిట్లో చెప్తుంది. అక్కడి జనాన్ని అడిగే పని లేదు.

అంటే మైదానంలో మెల్లగా కౌన్సిళ్ళు, ఎన్నికలు, చర్చలు అనే రాజకీయం మొదలయ్యే నాటికే మన కొండల చుట్టూ ఒక గీత గీసేశారు. ఆ గీత మనకి మేలూ చేసింది, కీడూ చేసింది. రెండూ చూడాలి.

1917: చట్టం వచ్చింది, అడిగే నోరు లేదు

ముందు మేలు సంగతి. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదలాయింపు చట్టం తెచ్చింది. ఆ ఏడాది మద్రాసులో మొదటి చట్టం అదే, అందుకే 1/1917 అంటారు. అందులో రెండు పెద్ద సంగతులున్నాయి. ఒకటి, కొండజాతి మనిషి తన భూమిని ఇంకో కొండజాతి మనిషికి తప్ప వేరేవాళ్ళకి ఇస్తే, ఏజెంటు గానీ అధికారమున్న ఇంకో అధికారి గానీ ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకుని ఉండాలి. లేకపోతే ఆ బదలాయింపు చెల్లదు. రెండు, కొండజాతి వాళ్ళకిచ్చిన అప్పు మీద వడ్డీ ఏడాదికి నూటికి 24 దాటకూడదు, వడ్డీ మీద వడ్డీ వెయ్యకూడదు, మొత్తం వడ్డీ ఎంత పెరిగినా అసలుని మించకూడదు.

కాగితం మీద చూస్తే ఎంత బాగుంది! మన 1/70కి ఇదే ముత్తాత. మరి అంత మంచి చట్టం 1917లోనే ఉంటే 1959లో ఇంకో రెగ్యులేషన్, 1970లో దానికి సవరణ ఎందుకు కావాల్సి వచ్చాయి? భూములు పోతూనే ఉన్నాయి కాబట్టి. సావుకారు చిట్టా రాసుకునేవాడు, మనవాళ్ళు వేలిముద్ర వేసేవాళ్ళు. ఆ చట్టం సంగతి వేలిముద్ర వేసే మనిషికి తెలియదు. తెలిసిన అధికారి చూసీ చూడనట్టు ఊరుకుంటే 'ఎందుకు ఊరుకున్నావ్' అని నిలదీసే చోటు లేదు. చట్టాన్ని ఎట్లా అమలు చేస్తున్నారని మంత్రిని సభలో నిలబెట్టి అడగాలి. మన తరఫున సభలో నిలబడే మనిషే లేడు.

1920 కౌన్సిల్: మనకి ఓటు లేదు, నామినేషన్ ఉంది

1919 చట్టం కింద మద్రాసు శాసన మండలి పెద్దదైంది. గవర్నర్ కార్యనిర్వాహక మండలి సభ్యులు కాక 127 మంది. వాళ్ళలో 98 మంది ఎన్నికైనవాళ్ళు, 29 మంది నామినేట్ అయినవాళ్ళు. ఎన్నికయ్యే సీట్లను మతాన్ని బట్టి, వర్గాన్ని బట్టి పంచారు. ముస్లింలకు, క్రైస్తవులకు, యూరోపియన్లకు, ఆంగ్లో ఇండియన్లకు వేరు. జమీందార్లకు, యూనివర్సిటీకి, తోటల యజమానులకు, వర్తక సంఘాలకు వేరు. బ్రాహ్మణేతరులకు 28 సీట్లు ప్రత్యేకించారు. మాల, మాదిగ, పరయ, పళ్ళ వంటి కులాలకు కలిపి 5 నామినేషన్లు.

మరి మనం? నామినేట్ అయ్యే ఆ 29 మందిలో 'వెనుకబడిన ప్రాంతాల' తరఫున ఒక్కరు. మనం ఓటేసి పంపేవాడు కాదు, ప్రభుత్వం ఏరి కూర్చోబెట్టేవాడు.

ఓటు మైదానంలో కూడా అందరికీ లేదు. రాష్ట్రంలో 4 కోట్ల పైచిలుకు జనం ఉంటే ఓటున్నవాళ్ళు సుమారు 12 లక్షల మంది. ఆస్తి ఉండాలి, శిస్తు కట్టాలి. 1920 ఎన్నికలను కాంగ్రెస్ బహిష్కరించింది. జస్టిస్ పార్టీ 98లో 63 సీట్లు గెలిచి మంత్రివర్గం ఏర్పాటు చేసింది.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోండి. పరీక్షకి 'ద్వంద్వ పాలన' అని చదువుతాం కదా, దాని అసలు అర్థం ఏంటంటే శాఖల్ని రెండు ముక్కలు చేశారు. విద్య, ఆరోగ్యం, స్థానిక సంస్థలు లాంటివి మంత్రులకి. భూమిశిస్తు, పోలీసు, న్యాయం గవర్నర్ దగ్గర. మద్రాసులో అడవులు కూడా గవర్నర్ దగ్గరే పెట్టుకున్నారు. భూమి, అడవి, పోలీసు. కొండమీద మన బతుకు ఈ మూడింటితోనే ముడిపడి ఉంది. ఈ మూడూ ఎన్నికైన మంత్రుల చేతిలో లేవు. అంటే మనకి పది సీట్లు ఇచ్చినా ఆ సభలో మన పని సగమే అయ్యేది. ఇచ్చింది ఒక్క నామినేషన్.

ఇప్పుడు తారీకులు పక్కపక్కన పెట్టి చూడండి. ఆ మండలి మద్రాసులో కూర్చుని చర్చలు జరుపుతున్న కాలంలోనే, 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి జరిగింది. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. అల్లూరి సీతారామరాజు నడిపిన మన్యం పోరాటం అది. వెనక ఉన్న కారణాలు మీకు తెలిసినవే. అడవిని రిజర్వు చేసి పోడు మీద ఆంక్షలు పెట్టారు. ఘాట్ రోడ్డు పనికి మనుషుల్ని తోలి సరైన కూలీ ఇవ్వకుండా చేయించుకున్నారు. గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ పేరు చెబితేనే జనం మండిపడేవాళ్ళు. ముఠాదారుల పాత హక్కులు పోయాయి. గాం గంటందొర, గాం మల్లుదొర లాంటి వాళ్ళు సీతారామరాజు వెంట నడిచింది అందుకే.

ఈ కష్టాల్లో ఒక్కటైనా మండలిలో ఎజెండాకెక్కే దారి ఉందా? కూలీ ఇవ్వలేదని ప్రశ్న వేసే సభ్యుడు మనం ఎన్నుకున్నవాడై ఉంటే, బాస్టియన్ సంగతి స్టేషన్ దాకా వెళ్ళకముందే సభలో నలిగేదేమో. పోరాటం తప్పిపోయేదని నేను అనట్లేదు. బాణం పట్టుకునే ముందు మనిషి అన్ని తలుపులూ కొట్టి చూస్తాడు. మనవాళ్ళకి కొట్టడానికి తలుపే లేదు. 1924 మే 7న సీతారామరాజుని కాల్చి చంపారు.

1937: ఆ 215 సీట్లు ఎవరెవరికి

1935 చట్టం మద్రాసులో రెండు సభలు పెట్టింది. పై సభ శాసన మండలి, 54 నుంచి 56 మంది. కింది సభ శాసనసభ, 215 మంది. ద్వంద్వ పాలన పోయింది, అడవులూ భూమిశిస్తూ పోలీసూ అన్నీ మంత్రుల కిందకి వచ్చాయి. అందువల్ల ఈ సభలో సీటు అంటే మునుపటికన్నా చాలా విలువైనది. ఆ 215 ఎట్లా పంచారో చూడండి.

జనరల్ సీట్లు 146, అందులో 30 దళితులకు రిజర్వు. ముస్లింలకు 28. భారతీయ క్రైస్తవులకు 8. ఆడవాళ్ళకు 8. కార్మికులకు 6. జమీందార్లు, భూస్వాములకు 6. వర్తకం, పరిశ్రమలు, గనులు, తోటల యజమానులకు 6. యూరోపియన్లకు 3. ఆంగ్లో ఇండియన్లకు 2. యూనివర్సిటీకి 1. వెనుకబడిన ప్రాంతాలకు, తెగలకు 1.

కూడి చూడండి, 215 వస్తుంది. ఒక యూనివర్సిటీకి ఎంతో, మద్రాసు రాష్ట్రంలోని ఆదివాసులందరికీ అంతే. కోయ, కొండదొర, బగత, వాల్మీకి, జాతాపు, సవర, గదబ, కొండరెడ్డి, చెంచు, అటు నీలగిరి కొండల్లో తోడలు, ఇంకా ఎన్నో తెగలు. అందరికీ కలిపి ఒక్క సీటు. జమీందార్లు ఎంతమంది ఉంటారు? వాళ్ళకి 6.

మిగతా రాష్ట్రాలతో పోలిస్తే ఇంకా తెలుస్తుంది. దేశం మొత్తం మీద ఈ తరహా సీట్లు 24. అస్సాంకి 9, బీహార్‌కి 7, ఒరిస్సాకి 5, మద్రాసు, బొంబాయి, సెంట్రల్ ప్రావిన్స్‌లకు తలా ఒకటి. ఒరిస్సా 5లో 4 మళ్ళీ నామినేషన్లే. ఆ ఒరిస్సా రాష్ట్రం 1936 ఏప్రిల్ 1న పుట్టినప్పుడు విశాఖ ఏజెన్సీలోంచి కోరాపుట్, జయపురం వైపు కొండలన్నీ అటు పోయాయి. సవరలు, గదబలు, కోదులు కొండకి ఆ పక్క ఒక రాష్ట్రం, ఈ పక్క ఒక రాష్ట్రం అయ్యారు. మద్రాసులో మన లెక్క ఇంకా తగ్గింది.

ఇక ఓటు ఎవరికి? ఈసారి రాష్ట్రంలో ఓటర్లు సుమారు 70 లక్షలకి పెరిగారు, అంటే జనాభాలో 15 శాతం. పట్టా ఉన్న రైతు, పన్ను కట్టినవాడు, చదువొచ్చినవాడు, సైన్యంలో పనిచేసి వచ్చినవాడు, అట్లాంటివాళ్ళ భార్యలు కొందరు. ఇప్పుడు ఒక పోడు రైతుని ఈ జల్లెడలో వేసి చూడండి. అతనికి పట్టా లేదు. పన్ను కడతాడు గానీ అది ముఠాదారు చేతికి పోతుంది, సర్కారు పుస్తకంలో అతని పేరుండదు. ఊళ్ళో బడి లేదు కాబట్టి చదువు లేదు. చెమట ఓడ్చి సాగు చేస్తాడు గానీ లెక్కల్లో మాత్రం అతను లేడు. మనకి ఓటు రాకూడదని ఎక్కడా రాసి లేదు. రాయకుండానే రాకుండా పోయింది.

1937 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగాయి. ఒక్కో పార్టీకి ఒక్కో రంగు పెట్టె, కాంగ్రెస్‌ది పసుపు పెట్టె. చదువు రానివాళ్ళు కూడా రంగు చూసి ఓటేసేవాళ్ళు. మన కొండల కిందే ఉన్న బొబ్బిలిలో జస్టిస్ పార్టీ నాయకుడు, అప్పటిదాకా ప్రభుత్వానికి పెద్దగా ఉన్న బొబ్బిలి రాజానే వి.వి. గిరి ఓడించాడు. మొత్తం 215లో కాంగ్రెస్‌కి 159 వచ్చాయి. జులైలో రాజాజీ మంత్రివర్గం ఏర్పడింది. ప్రకాశం పంతులు రెవెన్యూ మంత్రి.

కొండ కింద రైతు తన రాజునే ఓడించగలిగాడు. కొండ మీద రైతుకి ఆ రోజు ఎన్నికలున్నాయన్న కబురు అందినా, వెయ్యడానికి ఓటు లేదు.

సెక్షన్ 92: మూసి ఉన్న తలుపు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. 1935 చట్టం ఆదివాసీ ప్రాంతాల్ని రెండు రకాలుగా చేసింది. పూర్తిగా మినహాయించినవి, పాక్షికంగా మినహాయించినవి. 1936 ఉత్తర్వులో మద్రాసు నుంచి పాక్షికంగా మినహాయించినవి తూర్పు గోదావరి ఏజెన్సీ, ఒరిస్సాకి పోగా మిగిలిన విశాఖ ఏజెన్సీ.

సెక్షన్ 92 ఏమంటుందంటే, శాసనసభ చేసిన ఏ చట్టమైనా ఈ ప్రాంతాలకి దానంతటది వర్తించదు. వర్తిస్తుందని గవర్నర్ ప్రకటిస్తేనే వర్తిస్తుంది. మార్పులు చేసి కూడా వర్తింపజేయొచ్చు. అంతేకాదు, ఈ ప్రాంతాల శాంతి, సుపరిపాలన కోసం గవర్నర్ సొంతంగా రెగ్యులేషన్లు చెయ్యొచ్చు. అవి శాసనసభ చట్టాన్నే రద్దు చెయ్యొచ్చు. గవర్నర్ జనరల్ ఆమోదం ఉంటే చాలు.

చూశారా, 'రెగ్యులేషన్' అనే మాట ఎక్కడినుంచి వచ్చిందో.

దీని మీద అప్పట్లోనే పెద్ద వాదన నడిచింది. కాంగ్రెస్ దీన్ని వ్యతిరేకించింది. దేశాన్ని ముక్కలు చెయ్యడానికి, కొండల్లో అడవినీ గనుల్నీ తమ గుప్పిట్లో పెట్టుకోవడానికి తెల్లవాళ్ళు వేసిన ఎత్తు అన్నారు. అటువైపు వాళ్ళు, మైదానం చట్టాలు, మైదానం వకీళ్ళు, మైదానం వడ్డీలు కొండెక్కితే ఆదివాసీకి సెంటు భూమి మిగలదన్నారు. నిజం చెప్పాలంటే రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. గీత లేకపోతే మన భూములు ఇంకా ముందే పోయేవి. మైదానంలో మనవాళ్ళకి ఏమైందో చూస్తే తెలుస్తుంది. కానీ గీత గీసినవాళ్ళు దాని లోపల ఉన్నవాళ్ళని ఎప్పుడూ అడగలేదు.

నా ఉద్దేశంలో ఈ చరిత్ర మొత్తంలో పట్టుకోవాల్సిన మాట ఇది. మనకి రక్షణ ఇచ్చారు, నోరు ఇవ్వలేదు. నోరు లేనివాడికి ఇచ్చిన రక్షణ ఇచ్చేవాడి దయ మీద ఉంటుంది. మంచి ఏజెంటు వస్తే 1917 చట్టం పనిచేస్తుంది, లేకపోతే బీరువాలో పడి ఉంటుంది.

తెలంగాణ వైపు మిత్రులు మా సంగతేంటి అంటారు. ఆదిలాబాద్, వరంగల్ ప్రాంతాలు నిజాం రాజ్యంలోవి, బ్రిటిష్ రాష్ట్రం కాదు. కాబట్టి 1937 ఓటు ప్రశ్నే అక్కడ లేదు. జల్, జంగల్, జమీన్ కోసం కొమురం భీం జోడేఘాట్‌లో ప్రాణమిచ్చింది 1940లో. ఆ తరవాతే హైమన్‌డార్ఫ్ లాంటి వాళ్ళ పరిశోధనలు, 1946లో గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చాయి. ఇటు మన్యంలో అటు జోడేఘాట్‌లో వరస ఒక్కటే. ముందు నెత్తురు, తరవాత కాగితం.

ఆ సభ ఓట్లతోనే రాజ్యాంగ సభ

1939 అక్టోబరులో కాంగ్రెస్ మంత్రివర్గాలు యుద్ధం విషయంలో రాజీనామా చేశాయి. 1946 దాకా మద్రాసులో గవర్నర్ పాలనే. 1946లో మళ్ళీ అదే 215 సీట్ల లెక్కతో, అదే పరిమిత ఓటుతో ఎన్నికలు జరిగాయి. ఏప్రిల్ 30న ప్రకాశం ముఖ్యమంత్రి అయ్యాడు.

ఈ 1946 సభని మామూలు సభ అనుకోవద్దు. దేశ రాజ్యాంగం రాసిన రాజ్యాంగ సభకి సభ్యుల్ని ఎన్నుకున్నది రాష్ట్రాల శాసనసభలే. మద్రాసు వాటా 49 మంది. అంటే మనకి ఒక్క సీటున్న సభే రాజ్యాంగం రాసేవాళ్ళని పంపింది. ఒక సభలో మన సీటు తగ్గితే ఆ నష్టం ఆ సభతో ఆగిపోదు, మెట్టు మెట్టుకీ పాకుతుంది. ఈ విషయం మన పిల్లలకి అర్థమయ్యేట్టు చెప్పాలి.

అదృష్టం ఏంటంటే బీహార్ నుంచి జైపాల్ సింగ్ ముండా ఆ సభకి వచ్చాడు. హాకీ కెప్టెన్, ఆదివాసీ మహాసభ నాయకుడు. 1946 డిసెంబరు 19న మాట్లాడుతూ, ఆదివాసులకి మీరు ప్రజాస్వామ్యం నేర్పక్కర్లేదు, మీరే వాళ్ళ దగ్గర నేర్చుకోవాలి అనే అర్థంలో చెప్పాడు. మన పంచాయితీలు ఎట్లా జరుగుతాయో చూసినవాళ్ళకి ఆ మాట విలువ తెలుస్తుంది. మినహాయింపు ప్రాంతాల మీద ఠక్కర్ బాపా అధ్యక్షతన వేసిన ఉపసంఘం, నామినేషన్లు పోయి జనాభా లెక్కన సీట్లు రావాలన్న దారి చూపింది.

1952: జైలు నుంచి పార్లమెంటుకి

రాజ్యాంగం రాగానే 21 ఏళ్ళు నిండిన ప్రతి మనిషికీ ఓటు. పట్టా అడగలేదు, చదువు అడగలేదు, పన్ను రసీదు అడగలేదు. నన్నడిగితే, ఆ ఒక్క వాక్యం 1839 నుంచి మన చుట్టూ ఉన్న గీతని సగం చెరిపింది.

1952 జనవరిలో మద్రాసు శాసనసభకి మొదటిసారి అందరి ఓటుతో ఎన్నికలు జరిగాయి. ఈసారి సభ్యులు 375 మంది, నియోజకవర్గాలు 309. వాటిలో 66 ద్విసభ్య నియోజకవర్గాలు, అంటే ఒక్కోచోట ఇద్దరు గెలుస్తారు, ఓటరుకి రెండు ఓట్లు. 62 చోట్ల రెండో సీటు ఎస్సీలకి, 4 చోట్ల ఎస్టీలకి రిజర్వు. ఒకటి నుంచి నాలుగయింది. తక్కువే అనుకోండి, కానీ ఇవి ఓటుతో వచ్చినవి.

అదే సమయంలో లోక్‌సభకీ ఎన్నికలు. విశాఖపట్నం ద్విసభ్య నియోజకవర్గం. ఒక సీటులో లంకా సుందరం గెలిచాడు. రెండో సీటులో గెలిచింది ఎవరో తెలుసా? గాం మల్లుదొర. స్వతంత్ర అభ్యర్థిగా.

ఆ పేరు పైన ఒకసారి చదివారు. సీతారామరాజు వెంట నడిచి, పట్టుబడి, ఏళ్ళ తరబడి జైల్లో మగ్గిన మల్లుదొరే ఈయన. 1922లో ఆయన గోడు వినడానికి మద్రాసులో మనం ఎన్నుకున్న మనిషి ఒక్కడు కూడా లేడు. ముప్పై ఏళ్ళకి ఆయనే దేశ పార్లమెంటులో కూర్చున్నాడు. మనిషి మారలేదు, కొండ మారలేదు. మారింది ఓటు హక్కు ఒక్కటే. మన పాఠ్యపుస్తకాల్లో మల్లుదొర పేరు మన్యం పోరాటంలో ఒక వాక్యంగా వచ్చి పోతుంది. ఆ మొదటి ఓట్ల సంగతి కూడా పక్కన రాస్తే బాగుండేది.

ఈ కథ మనకి ఎందుకు

రాజ్యాంగంలో అయిదో షెడ్యూల్ పెట్టినప్పుడు సెక్షన్ 92ని తలకిందులు చేశారు. అప్పుడు గవర్నర్ తెరిస్తే తప్ప తలుపు మూసే ఉండేది. ఇప్పుడు తలుపు తెరిచే ఉంటుంది, గవర్నర్ మూస్తేనే మూతపడుతుంది. అంటే అసెంబ్లీ, పార్లమెంటు చట్టాలు షెడ్యూల్డ్ ప్రాంతాలకీ వర్తిస్తాయి, వద్దనో మార్చమనో గవర్నర్ ప్రకటిస్తే తప్ప. భూమి బదలాయింపు, అప్పుల వ్యాపారం మీద రెగ్యులేషన్లు చేసే అధికారం మాత్రం గవర్నర్ దగ్గరే ఉంది. కానీ రెండు షరతులు. ముందుగా గిరిజన సలహా మండలిని సంప్రదించాలి, తరవాత రాష్ట్రపతి ఆమోదం కావాలి. ఆ మండలిలో 20 మందికి మించకూడదు, వాళ్ళలో సుమారు నాలుగింట మూడొంతులు ఎస్టీ ఎమ్మెల్యేలే ఉండాలి.

1917లో లేనిది ఇదే. రక్షణకి పక్కన నోరు కూడా పెట్టారు. 1/59 వచ్చింది ఈ దారిలోనే, 1963లో తెలంగాణ ఏజెన్సీకి విస్తరించింది. 1/70 సవరణ గిరిజనేతరుల మధ్య బదలాయింపుల్ని కూడా ఆపింది, ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి ఆదివాసీ నుంచి వచ్చిందనే అనుకోవాలి, కాదని అతనే రుజువు చేసుకోవాలి అంది. 1917 చట్టంలో ఉన్న కంత అదే, అది పూడ్చడానికి 53 ఏళ్ళు పట్టింది. 1997లో సమతా తీర్పు, 2020లో జీఓ నెం. 3 కొట్టివేసిన తీర్పు, రెండింట్లోనూ సుప్రీంకోర్టు ముందున్నది అయిదో షెడ్యూలూ, గవర్నర్ అధికారమూ ఎంతదాకా అన్న ప్రశ్నే. ఒకదాంట్లో మనకి మేలు జరిగింది, రెండోదాంట్లో టీచర్ పోస్టులు పోయాయి. 1935 నాటి చర్చ ఇంకా ముగియలేదు.

ఇవాళ ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 175లో మనవి 7. తెలంగాణలో 119లో 12. 215లో ఒకటితో పోలిస్తే చాలా దూరం వచ్చాం. కానీ సీటు ఉండటం వేరు, నోరు విప్పడం వేరు. కాబట్టి చదువుకున్న మనం చెయ్యగల పనులు చిన్నవే, కానీ అవసరమైనవి. మన ఎమ్మెల్యే సభలో ఏజెన్సీ భూముల మీద ఎన్ని ప్రశ్నలు వేశారో చూద్దాం. గిరిజన సలహా మండలి చివరిసారి ఎప్పుడు కూర్చుంది, ఏం తీర్మానించింది అని సమాచార హక్కు కింద అడుగుదాం. ఎల్‌టీఆర్ కేసు మన మండలంలో ఎన్ని పెండింగ్‌లో ఉన్నాయో తెలుసుకుందాం. అడగని చట్టం బీరువాలో పడుకుంటుందని 1917 నుంచి 1970 దాకా ఒకసారి చూశాం.

చివరిగా ఒక కోరిక. 1952లో మొదటిసారి ఓటేసిన పెద్దవాళ్ళు ఇప్పుడు తొంభై దాటి ఉంటారు. మీ ఊళ్ళో ఒక్కరైనా ఉంటే పక్కన కూర్చుని అడగండి. ఎన్ని మైళ్ళు నడిచి వెళ్ళారు, పెట్టె మీద ఏ గుర్తు చూసి వేశారు, ఆ రోజు ఊరంతా ఏమనుకున్నారు. వాళ్ళ మాటల్లోనే ఫోన్లో రికార్డు చేసి, వాళ్ళు ఒప్పుకుంటే రాసి ఇక్కడ పెట్టండి. మద్రాసు సభలో మన మాట రికార్డు చేసినవాళ్ళు లేరు. ఇప్పుడు ఆ పని మనమే చేద్దాం.

జై ఆదివాసీ.